స్టార్ వార్స్ ఏ వరుసలో చూడాలి? హింట్లు, పోలిక దృశ్యాల లెక్కలో ఐదు దారులు

ముందుగా ఒక మాట. స్టార్ వార్స్ కథ మీకు ఏమాత్రం తెలియకపోతే, డార్త్ వేడర్ ఎవరో కూడా ఎవరి నోటా వినకపోతే, ఇక్కడితో చదవడం ఆపేయండి. 1977లో వచ్చిన సినిమాతో మొదలుపెట్టి, 1980, 1983ల్లో వచ్చిన రెండూ అదే వరుసలో చూసి, ఆ తర్వాత ఇటు రండి. రహస్యాలు విప్పకుండా ఈ పోలిక చేయడం కుదరదు, కాబట్టి కింద అన్నీ విప్పేశాను.

ఇది మిగతావాళ్ల కోసం. అంటే ఇంట్లో పిల్లలకో, రూమ్మేట్‌కో, పెళ్లయిన కొత్తలో భార్యకో భర్తకో ఈ సినిమాలు చూపిద్దామనుకునేవాళ్ల కోసం, ఎప్పుడో ముక్కలుముక్కలుగా చూసి ఈసారి పద్ధతిగా చూడాలనుకునేవాళ్ల కోసం. ఏ వరుసలో చూస్తే ఏముంది, కథ ఒకటే కదా అని చాలామంది అంటారు. ఈ సిరీస్ విషయంలో ఆ మాట చెల్లదు. ఇక్కడ ఒక దృశ్యం ఇంకో దృశ్యాన్ని పనిగట్టుకుని గుర్తుచేస్తూ ఉంటుంది. తండ్రి చెయ్యి తెగుతుంది, కొడుకు చెయ్యీ తెగుతుంది. తండ్రిని హత్యకు ఉసిగొల్పినవాడే కొడుకునూ ఉసిగొల్పుతాడు. ఇందులో ఏది ముందు చూస్తే అది హింట్ అవుతుంది, తర్వాత చూసింది దాని ప్రతిధ్వని అవుతుంది. వరుస మారిస్తే రెండూ తారుమారు. అందుకే వరుస ఎంచుకోవడమంటే ఏ దృశ్యం దేనికి లీడ్ ఇవ్వాలో మనం ఎంచుకోవడమే.

తికమక లేకుండా నంబర్లతోనే పిలుస్తాను. 1977, 1980, 1983ల్లో వచ్చినవి 4, 5, 6 ఎపిసోడ్‌లు; ఇవి లూక్ కథ. 1999, 2002, 2005ల్లో వచ్చినవి 1, 2, 3. ఇవి అతని తండ్రి అనాకిన్ కథ, అంటే పూర్వకథ. 2015, 2017, 2019ల్లో వచ్చిన 7, 8, 9 సంగతి చివర్లో చూద్దాం.

ముందే అనుకున్న హింట్లు, తర్వాత కుదిరిన హింట్లు

ఏ దారి మంచిదో తేల్చే ముందు ఒక విషయం తెలియాలి. ఈ సినిమాల్లో హింట్లన్నీ ఒక రకం కావు.

నాలుగో ఎపిసోడ్‌లో లూక్ పిన్ని బెరూ, ఈ పిల్లాడికి తండ్రి పోలికలు మరీ ఎక్కువ అంటుంది. బాబాయి ఓవెన్ తన భయమూ అదే అంటాడు. కాసేపటికి లూక్ తన తండ్రి ఎలా చనిపోయాడని తన గురువు కాబోతున్న ఓబీ వాన్‌ను అడుగుతాడు. ఓబీ వాన్ ఒక్క క్షణం తటపటాయించి, తన శిష్యుడే అయిన వేడర్ అతన్ని చంపాడని చెబుతాడు. ఈరోజు చూసే ఎవరికైనా ఆ తటపటాయింపులో దాచిన నిజం కనిపిస్తుంది. కానీ వేడర్, లూక్ తండ్రి ఒకరే అన్నది ఆ సినిమా స్క్రిప్టులో లేదు. 1978 మొదట్లో లీ బ్రాకెట్ ఐదో ఎపిసోడ్‌కు మొదటి డ్రాఫ్ట్ రాసినప్పుడు కూడా లూక్ తండ్రి వేరే మనిషే. ఆత్మగా వచ్చి కొడుకుతో మాట్లాడతాడు. ఆ ఏడాది మార్చిలో ఆమె చనిపోయారు. తర్వాతి డ్రాఫ్ట్ జార్జ్ లూకాస్ స్వయంగా రాసుకున్నాడు. వేడరే తండ్రి అన్న ట్విస్ట్ అప్పుడు కథలోకి వచ్చింది. ఓబీ వాన్‌గా చేసిన అలెక్ గిన్నెస్ నటనలోని ఆ చిన్న విరామం, ఓవెన్ భయం అన్నీ మూడేళ్ల తర్వాత హింట్లుగా మారాయి. చూసేవాళ్లకు మాత్రం అవి మొదటి నుంచీ అక్కడ నాటిపెట్టినట్టే ఉంటాయి.

దీనికి పూర్తిగా ఎదురు రకం 1, 2, 3 ఎపిసోడ్‌లలోది. అక్కడ ముగింపు లోకమంతటికీ తెలుసు. కాబట్టి ప్రతి హింటూ తెలిసి, కావాలని పెట్టిందే. మొదటి ఎపిసోడ్ టీజర్ పోస్టర్ గుర్తుందా? ఎడారిలో చిన్న పిల్లాడు నడుస్తుంటే గోడ మీద పడిన నీడ వేడర్‌ది. ఆ మూడు సినిమాల కథన పద్ధతి మొత్తం ఆ పోస్టర్‌లో ఉంది. రెండో ఎపిసోడ్‌లో అనాకిన్ ఆగడం భరించలేక ఓబీ వాన్, ఎప్పటికైనా నా చావు నీ వల్లే అన్న ధోరణిలో విసుక్కుంటాడు. నాలుగో ఎపిసోడ్ చూసినవాళ్లకు ఆ మాట దగ్గర నవ్వు రాదు.

సంగీతంలో ఇంకా లోతుగా చేశారు. మొదటి ఎపిసోడ్ చివర నబూ గ్రహంలో విజయోత్సవం జరుగుతుంది, పిల్లల కోరస్ హుషారుగా సాగుతుంది. సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ ఆ ట్యూన్‌ను అసలు విలన్ అయిన ఎంపరర్ థీమ్ నుంచే అల్లాడు. ఆరో ఎపిసోడ్‌లో భయంకరంగా వినిపించే ఆ థీమ్‌నే మేజర్ స్కేల్‌లోకి మార్చి వేగం పెంచాడు. జనం పండగ చేసుకుంటున్నారు, గెలిచింది మాత్రం తర్వాత ఎంపరర్ కాబోయే పాల్పటీన్. ఆ సంగతి బొమ్మ చెప్పదు, సంగీతం చెబుతుంది. ఈ సిరీస్ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన హింట్ ఇదే. ఆరో ఎపిసోడ్ విననివాళ్లకు అది ఉత్త పండగ పాట.

విడుదలైన వరుస: 4, 5, 6, తర్వాత 1, 2, 3

మొదటిసారి చూసేవాళ్లకు, ముఖ్యంగా వేడర్ రహస్యం ఇంకా తెలియనివాళ్లకు, దీనికి సాటి వచ్చేది లేదు. పిల్లల్లో అలాంటివాళ్లు ఇప్పటికీ దొరుకుతారు. ఆ అవకాశం ఉంటే దయచేసి పాడుచేయకండి.

ఐదో ఎపిసోడ్ తీసేటప్పుడు ఈ రహస్యాన్ని ఎంత జాగ్రత్తగా దాచారంటే, సెట్‌లో వేడర్ వేషం వేసిన డేవిడ్ ప్రౌజ్‌కు వేరే డైలాగ్ ఇచ్చారు. ఓబీ వానే నీ తండ్రిని చంపాడు అన్నది ఆ డైలాగ్. అసలు మాట తర్వాత జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతులో డబ్ అయింది. లూక్‌గా నటించిన మార్క్ హామిల్‌కు షాట్‌కు కొద్దిముందే చెప్పారు. తీసినవాళ్లు అంత శ్రమపడి దాచిన విషయాన్ని మనం వరుస తప్పించి మూడో ఎపిసోడ్‌తో ముందే చెప్పేయడం అన్యాయం.

పైగా ఐదో ఎపిసోడ్‌లోనే నిఖార్సయిన హింట్ ఒకటుంది. డాగోబా గ్రహం మీది ఒక గుహలో లూక్‌కు వేడర్ ఎదురొస్తాడు. లూక్ అతని తల నరుకుతాడు. నేల మీద పడిన ముసుగు పగిలి, లోపల లూక్ ముఖమే కనిపిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లు దాన్ని హెచ్చరికగా తీసుకుంటారు: కోపంతో పోతే నువ్వూ అలాగే తయారవుతావు అని. అదే సినిమా చివరికి వచ్చేసరికి ఆ దృశ్యానికి రెండో అర్థం పుడుతుంది, అది రక్తసంబంధం గురించి. మొదటి అర్థం తప్పు కాదు, దాని మీద రెండోది వచ్చి కూర్చుంటుంది. హింట్ ఎలా పెట్టాలో నేర్చుకోవాలనుకునే రచయితలకు ఆ గుహ ఒక్కటి చాలు.

యోడా పరిచయం కూడా ఈ వరుసలోనే పండుతుంది. మహావీరుడైన గురువు కోసం బురద గ్రహంలో వెతుకుతున్న లూక్‌కు, సామాన్లు కెలికి తిండి దొంగిలించే చిన్న ముసలి జీవి తగులుతుంది. గురువు అతనేనని తెలిసేసరికి లూక్‌తోపాటు మనమూ సిగ్గుపడాలి. ముందే 1, 2, 3 చూసినవాళ్లు యోడాను జెడై యోధుల సభలో కూర్చోగా, విలన్ డూకూతో కత్తి దూయగా చూసేసి ఉంటారు. వాళ్లకు ఆ సిగ్గు పుట్టదు.

లోటు కూడా ఉంది. ఆరో ఎపిసోడ్‌లో వేడర్ చితి కాలి, కథ ముగిశాక మళ్లీ ముప్పై అయిదేళ్లు పైనే వెనక్కి వెళ్లి పసివాడైన అనాకిన్ దగ్గర మొదలుపెట్టాలి. చాలామంది ఇక్కడే నీరసపడి ఆపేస్తారు. ఆపకుండా వెళ్తే మూడో ఎపిసోడ్ చివర ఓవెన్, బెరూ పసికందు లూక్‌ను ఎత్తుకుని రెండు సూర్యుల వైపు చూస్తూ నిలబడతారు. నాలుగో ఎపిసోడ్‌లో యువకుడైన లూక్ ఒంటరిగా నిలబడి చూసిన అస్తమయమే అది. సంగీతమూ ఆ ఫోర్స్ థీమే (ఫోర్స్ అంటే జెడైల అతీత శక్తి). సిరీస్ చివర ఈ దృశ్యం రావడం నాకు లోటులా అనిపించదు.

కాలక్రమం: 1 నుంచి 6 వరకు నంబర్ల వరుస

మొదటిసారికి ఇది వద్దు. రెండోసారికి, మూడోసారికి మాత్రం తప్పకుండా ఒకసారి ఇలా చూడండి, ఎందుకంటే నాలుగో ఎపిసోడ్ పూర్తిగా వేరే సినిమా అయిపోతుంది.

ఆ సినిమా మొదటి దృశ్యమే తీసుకోండి. వేడర్ ఒక ఓడను పట్టుకుని, లోపలున్న యువరాణి లేయాను బందీ చేస్తాడు. విడుదలైన వరుసలో అది విలన్ ఎంట్రీ. కాలక్రమంలో అయితే తండ్రి తన కూతుర్నే గుర్తుపట్టకుండా పట్టుకుంటున్నాడు. ఆమెను విచారించి హింసించేదీ అతనే. ఆమె పెరిగిన గ్రహం ఆల్డెరాన్‌ను ఆమె కళ్లముందే పేల్చేస్తుంటే వెనక నిలబడి ఆమెను పట్టుకున్నదీ అతనే. 1977లో ఆ దృశ్యాల్లో ఈ అర్థం లేదు. ముందు మూడు సినిమాలు చేర్చడంతో ఆ అర్థం వచ్చింది.

రెండు రోబోల సంగతీ చూడండి. మూడో ఎపిసోడ్ చివర త్రీపీవో జ్ఞాపకాలు చెరిపేయమని ఆర్డర్ వేస్తారు, ఆర్‌టూ గురించి ఆ మాట అనరు. అంటే నాలుగో ఎపిసోడ్‌లో ఎడారిలో దిగిన ఆ జంటలో ఒకరికి కథ మొత్తం తెలుసు, మాట్లాడటమే రాదు. ఇంకొకరికి అరవై లక్షల పైచిలుకు భాషలు వచ్చు, ఏమీ గుర్తులేదు. ఈ ఒక్క ఏర్పాటు కోసమైనా కాలక్రమంలో చూడొచ్చు.

ఇంకో లాభం పాల్పటీన్ విషయంలో. మొదటిసారి ఇలా చూసే అమాయక ప్రేక్షకుడికి, మంచి సెనెటర్‌గా కనిపించే ఇతనే జెడైల శత్రువులైన సిత్‌ల ప్రభువని వెంటనే తట్టకపోవచ్చు. మొదటి ఎపిసోడ్ చివర చితి దగ్గర జెడైలు మాట్లాడుకుంటారు: సిత్‌లు ఎప్పుడూ ఇద్దరుంటారు, ఇప్పుడు చచ్చిన సిత్ గురువా శిష్యుడా అని. ఆ మాట మీదే కెమెరా జరిగి పాల్పటీన్ ముఖం దగ్గర ఆగుతుంది. 1983 సినిమా చూసి, అందులో ఎంపరర్‌గా ఇయన్ మెక్‌డయార్మిడ్ నటించాడని తెలిసినవాళ్లకు అది కన్ను కొట్టడం లాంటిది. తెలియనివాళ్లకు అసలైన క్లూ.

అయితే ఈ వరుసలోనే అతుకులు కూడా బయటపడతాయి. ఆరో ఎపిసోడ్‌లో లేయా తన కన్నతల్లి గురించి కొద్దిగా గుర్తుందని, అందంగా, దిగులుగా ఉండేదని చెబుతుంది. మూడో ఎపిసోడ్‌లో ఆ తల్లి పాడ్మే ప్రసవమైన వెంటనే చనిపోతుంది. నాలుగో ఎపిసోడ్‌లో ఓబీ వాన్ తనకెప్పుడూ రోబో ఉన్నట్టు గుర్తులేదంటాడు; మూడు సినిమాలపాటు ఆర్‌టూతో తిరిగిన మనిషి. మస్టఫార్ గ్రహం లావా నదుల మీద అనాకిన్, ఓబీ వాన్‌ల మహాయుద్ధం చూసిన మర్నాడు, డెత్ స్టార్ అనే అంతరిక్ష కోట కారిడార్‌లో అదే ఇద్దరూ నిదానంగా కర్రసాము చేస్తుంటే కొత్తవాళ్లు పెదవి విరుస్తారు. పూర్వకథను తర్వాత రాసినందువల్ల వచ్చిన ఇబ్బందులివి. విడుదలైన వరుసలో అయితే మధ్యలో దూరం ఉంటుంది కాబట్టి అంతగా కళ్లబడవు.

ఫ్లాష్‌బ్యాక్ వరుస: 4, 5, 1, 2, 3, 6

వేడర్ ఎవరో ముందే తెలిసిన పెద్దవాళ్లు మొదటిసారి చూస్తుంటే నేను చెప్పేది ఇదే. తెలుగు సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఈ ఆకారం ఒంటబట్టి ఉంటుంది. ఇంటర్వెల్ దగ్గర ట్విస్ట్, తర్వాత ఫ్లాష్‌బ్యాక్, అది ముగిశాక క్లైమాక్స్. ఐదో ఎపిసోడ్‌లో వేడర్ నిజం బయటపెడతాడు. లూక్ చెయ్యి పోయింది, అతని స్నేహితుడు హాన్ సోలో గడ్డకట్టిపోయాడు, ఏదీ తేలలేదు. ఇతను నిజంగా నా తండ్రేనా, అయితే ఎందుకిలా అయ్యాడు? ఆ ప్రశ్నకు జవాబుగా 1, 2, 3 వస్తాయి. జవాబు తెలిశాక ఆరో ఎపిసోడ్‌లో తండ్రీకొడుకులు ఎదురుపడతారు.

ఈ వరుసలో అన్నిటికన్నా బలమైన లాభం 3, 6 పక్కపక్కన పడటం. మూడో ఎపిసోడ్‌లో అనాకిన్ ముదురు రంగు బట్టల్లో, ఫోర్స్‌తో భార్య గొంతే బిగిస్తాడు. వెంటనే ఆరో ఎపిసోడ్ మొదలవుతుంది. నేరగాళ్ల నాయకుడు జబ్బా కోటలోకి నల్లబట్టలు వేసుకున్న మనిషి ఒకడు నడిచొస్తాడు, కాపలావాళ్ల గొంతు ఫోర్స్‌తో బిగిస్తాడు. తలమీద ముసుగు తీస్తే లూక్. విడుదలైన వరుసలో ఇది హీరో దర్జాగా తిరిగొచ్చిన సీన్. ఇక్కడ మాత్రం గుండె జారుతుంది: వీడూ తండ్రి దారిలోనే పోతున్నాడా అని. ఆరో ఎపిసోడ్ మొత్తానికి టెన్షన్ ఇక్కడి నుంచి వస్తుంది. విడిగా చూస్తే ఆ సినిమాలో అంత టెన్షన్ లేదు.

సింహాసన గది దగ్గరికి వచ్చేసరికి ఇది ఇంకా చిక్కబడుతుంది. మూడో ఎపిసోడ్ మొదట్లో పాల్పటీన్ కుర్చీలో కూర్చుని ఉంటాడు, బందీగా. కిటికీ బయట ఆకాశంలో నౌకల యుద్ధం. అనాకిన్ డూకూ రెండు చేతులూ తెగ్గొట్టి, మోకాళ్ల మీద ఉన్న ముసలివాడి మెడకు కత్తులు పెడతాడు. చంపెయ్ అంటాడు పాల్పటీన్. అనాకిన్ తటపటాయించి చంపేస్తాడు. ఆరో ఎపిసోడ్‌లో మళ్లీ అదే కుర్చీ, అదే ముసలివాడు, బయట మళ్లీ నౌకల యుద్ధం. లూక్ వేడర్ చెయ్యి తెగ్గొడతాడు. పాల్పటీన్ మళ్లీ అదే అడుగుతాడు: అతన్ని చంపి అతని స్థానం తీసుకో అని. లూక్ తెగిన ఆ యంత్రపు చెయ్యి వంక చూసి, తన సొంత యంత్రపు చెయ్యి వంక చూసుకుంటాడు. కత్తి విసిరేస్తాడు. తండ్రి ఇదే పరీక్షలో ఓడిపోవడం కొద్ది గంటల ముందే చూశాం కాబట్టి, లూక్ గెలిచినప్పుడు అతను దేన్ని దాటాడో మనకు తెలుస్తుంది. అక్కడే పడి ఉన్న వేడర్‌కూ తెలుసు. అతను చివర్లో ఎంపరర్‌ను ఎత్తి పడేయడానికి కారణం కొడుకు మీద ప్రేమ ఒక్కటే అనిపించదు నాకు. డూకూ విషయంలో తాను చేయలేనిది కొడుకు చేసి చూపించాడు.

ఈ వరుసలో ఇంకో చిన్న లాభం: 4, 5, 6ల్లో ఎవరూ ఎంపరర్‌ను పాల్పటీన్ అని పేరు పెట్టి పిలవరు. ఐదో ఎపిసోడ్‌లో అతను నీలి హోలోగ్రామ్‌గా కొద్దిసేపే కనిపిస్తాడు. కాబట్టి పూర్వకథకు వెళ్లేసరికి అతని రహస్యం కొంతవరకు నిలుస్తుంది.

మషెటీ వరుస: ఒకటి తీసేస్తే

పైదానికి దగ్గరి చుట్టం ఇది. 2011లో రాడ్ హిల్టన్ తన బ్లాగులో ప్రతిపాదించాడు: 4, 5, 2, 3, 6, మొదటి ఎపిసోడ్ అక్కర్లేదని. లూక్ నల్లబట్టల సీన్ బలం గురించి గట్టిగా వాదించింది అతనే, ఆ ఖ్యాతి అతనికి ఇవ్వాలి. ఒక సినిమా తగ్గుతుంది, పన్నుల వివాదం, హాస్యపాత్ర జార్ జార్ వేషాలు తప్పుతాయి. సమయం తక్కువున్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

కానీ నేను దీనికి ఓటు వేయను. మొదటి ఎపిసోడ్ తీసేస్తే పైన చెప్పిన పండగ పాట పోతుంది, చితి దగ్గర పాల్పటీన్ ముఖం మీద ఆగే కెమెరా పోతుంది. అన్నిటినీ మించి అనాకిన్ తల్లి పోతుంది. బానిసగా బతుకుతున్న ష్మీ, తొమ్మిదేళ్ల కొడుకును వెనక్కి చూడకుండా వెళ్లమని పంపేస్తుంది. రెండో ఎపిసోడ్‌లో ఆమె కొడుకు ఒడిలో ప్రాణం వదలడం, ఆ కోపంలో అతను ఆమెను పట్టుకెళ్లిన టస్కెన్ అనే ఎడారి తెగ గుంపు మొత్తాన్ని ఆడా పిల్లా అని చూడకుండా నరకడం, పోగొట్టుకుంటానన్న భయంతోనే మూడో ఎపిసోడ్‌లో పాడ్మే కోసం సిత్‌లలో కలవడం, ఇదంతా ఆ వీడ్కోలు నుంచి మొదలైంది. మొదలు చూడకుండా ఆ భయం అర్థం కాదు. మొదటి ఎపిసోడ్ సాగదీతగానే ఉంటుంది, నిజమే. అయినా ఓపిక పట్టి చూడాలి.

జతలుగా చూడటం: 1తో 6, 2తో 5, 3తో 4

ఇది కథ బాగా తెలిసినవాళ్లకే. సినిమాలు ప్రాస కుదిరిన కవిత్వంలా ఒకదానికొకటి పలుకుతాయని లూకాస్ మొదటి ఎపిసోడ్ తీసే రోజుల్లోనే అన్నాడు. 2014లో మైక్ క్లైమో ఆ మాటను పట్టుకుని ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఆరు సినిమాలూ వలయంలా ఉన్నాయని, మొదటిది చివరిదానికి, రెండోది ఐదోదానికి, మూడోది నాలుగోదానికి అద్దం పడుతుందని అతని వాదన. కొన్నిచోట్ల లాగి సాగదీసినట్టుంటుంది కానీ, మూలం గట్టిది.

2, 5 జతనే పరిశీలించండి. ఇక్కడ పోలికలు కుప్పలుగా ఉన్నాయి. రెండింట్లోనూ గ్రహశకలాల మధ్య వెంటాడటం ఉంది. రెండింట్లోనూ త్రీపీవో ముక్కలవుతాడు. రెండింట్లోనూ హీరో కుడిచెయ్యి పోతుంది, గురువులు వద్దన్నా తొందరపడి వెళ్లినందుకే. రెండో ఎపిసోడ్ చివర నబూ సరస్సు ఒడ్డున రహస్యంగా పెళ్లి, పాడ్మే చేతిలో అనాకిన్ లోహపు చెయ్యి. ఐదో ఎపిసోడ్ చివర కిటికీ దగ్గర లూక్, లేయా పక్కపక్కన, లూక్‌కు కొత్త యంత్రపు చెయ్యి. పక్కన రెండు రోబోలు ఉండటం కూడా కలుస్తుంది. డబ్బుకు మనుషుల్ని వేటాడే బోబా ఫెట్ విషయం నాకు ప్రత్యేకంగా ఇష్టం. రెండో ఎపిసోడ్‌లో ఓబీ వాన్ విడిభాగాలు వదిలి, పేలిపోయినట్టు నమ్మించి, గ్రహశకలం మీద దాక్కుని తప్పించుకుంటాడు. తండ్రి ఓడలో కూర్చుని చిన్న బోబా ఇదంతా చూస్తాడు. ఐదో ఎపిసోడ్‌లో హాన్ సోలో చెత్తలో కలిసి జారుకోబోతే పెద్ద బోబా మోసపోడు, అదే చెత్తలో నక్కి వెంటాడతాడు.

1, 6 జతలో చితులు రెండు, చివర పండగలు రెండు, స్థానిక జనం యంత్రబలమున్న సైన్యాన్ని ఎదిరించడం రెండుసార్లు. 3, 4 జతలో ఒకే తెల్లని ఓడ: మూడో ఎపిసోడ్ చివర కనిపించిన కారిడార్‌లోనే నాలుగోది మొదలవుతుంది. ఓబీ వాన్ మస్టఫార్‌లో నేల మీద నుంచి తీసుకున్న అనాకిన్ కాంతి కత్తి, అంటే లైట్‌సేబర్‌నే లూక్ చేతిలో పెడతాడు.

ఈ పద్ధతిలో కథ ముందుకు సాగదు, కాబట్టి వారానికి ఒక జత చొప్పున తీరిగ్గా చూస్తేనే బాగుంటుంది.

ఎలా సర్దుకోవాలి

ఆరు సినిమాలూ కలిపి సుమారు 13 గంటలు. ఫ్లాష్‌బ్యాక్ వరుస ఎంచుకుంటే శుక్రవారం రాత్రి 4, 5, శనివారం 1, 2, ఆదివారం 3, 6 పెట్టుకోండి. ఏ రోజు ఏది కుదరకపోయినా 3, 6 మాత్రం ఒకే రోజు చూడాలి. మధ్యలో వారం గ్యాప్ వస్తే డూకూ దృశ్యం మసకబారిపోతుంది, ఈ వరుస ఎంచుకున్న లాభమే ఉండదు.

ఇప్పుడు స్ట్రీమింగ్‌లో దొరికేవి 4, 5, 6 మార్చిన వెర్షన్‌లు. 1997లో కొన్ని మార్పులు, 2004 డీవీడీలో ఇంకొన్ని చేశారు. ఆరో ఎపిసోడ్ చివర ఆత్మగా కనిపించే అనాకిన్ మొదట సెబాస్టియన్ షా. 2004 నుంచి అక్కడ పూర్వకథ హీరో హేడెన్ క్రిస్టెన్సెన్ ముఖం పెట్టారు. విడుదలైన వరుసలో చూసే కొత్తవాళ్లకు ఆ కుర్రాడు ఎవరో అర్థం కాదు. ఫ్లాష్‌బ్యాక్ వరుసలో చూసినవాళ్లకు మాత్రం అది సరిగ్గా తగులుతుంది. కాబట్టి విడుదలైన వరుసలో చూపిస్తుంటే ఆ ఒక్క షాట్ దగ్గర, అతను వయసులో ఉన్న అనాకిన్ అని చెప్పేయండి.

7, 8, 9 ఏ వరుసలోనైనా చివరే. ఏడో ఎపిసోడ్ నాలుగోదానికి పోలిక అనడం కన్నా దాని అచ్చు అనడమే సరి: ఎడారి గ్రహం, రహస్యం మోసే రోబో, గ్రహాలను పేల్చే ఆయుధం. ఎనిమిదిలో సింహాసన గది మళ్లీ వస్తుంది, ఊహించని మలుపుతో. 6 చూసిన వెంటనే కాకుండా కొన్నాళ్లు ఆగి చూస్తే ఈ మూడింటికీ న్యాయం జరుగుతుంది. 2016లో వచ్చిన రోగ్ వన్ నాలుగో ఎపిసోడ్‌కు కొద్దిసేపటి ముందు ఆగుతుంది కాబట్టి దాని ముందు పెట్టాలనిపిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లకు అలా పెట్టకండి. చివర్లో వేడర్ చీకటి కారిడార్‌లో చేసే ఊచకోత చూశాక, నాలుగో ఎపిసోడ్‌లో అతని నడక సాదాగా కనిపిస్తుంది. ఆరూ అయ్యాక విడిగా చూడండి.

ద క్లోన్ వార్స్ యానిమేషన్ సిరీస్ సంగతి వేరు. దాని ఏడో సీజన్ చివరి నాలుగు ఎపిసోడ్‌లు 2020లో వచ్చాయి. మూడో సినిమా జరుగుతున్న రోజుల్లోనే ఇంకోచోట అనాకిన్ శిష్యురాలు అసోకాకు ఏం జరిగిందో అవి చెబుతాయి. ఒకే సమయంలో రెండు కథలు నడవడం కాబట్టి కొందరు అభిమానులు ఈ రెంటినీ ముక్కలు చేసి, కలిపి ఒకటిగా చూస్తారు. నేను వద్దంటాను. మూడో సినిమా చివరికి వచ్చేసరికి తనదైన జంట కథనం నడుపుతుంది: ఒకచోట పాడ్మే కవలలను కని ప్రాణం వదులుతుంటే, ఇంకోచోట కాలిపోయిన అనాకిన్ ముఖం మీదికి నల్లముసుగు దిగుతుంటుంది. ఒక పుట్టుక, ఒక చావు, ఒక మారు పుట్టుక కలిపి ఎడిట్ చేసిన ఆ ఊపు మధ్యలో మూడో కథ దూరితే తెగిపోతుంది. సినిమా పూర్తిగా చూసి, మర్నాడు ఆ నాలుగు ఎపిసోడ్‌లు వరసగా చూడండి. సినిమాలో తెలిసిన ప్రతి సంఘటన అక్కడ దూరం నుంచి వార్తగా, సందేహంగా వచ్చి చేరుతుంటుంది. అసోకాకు తెలియనిది మనకు తెలిసి ఉంటేనే ఆ నాలుగూ పూర్తిగా పనిచేస్తాయి.